పైరు లేని మళ్లలో మా పెద్దమ్మ

మా పెద్దమ్మ పోయింది. తొలి వానలు ఒకసారి కురిసి ఆగిపోయిన వారంలో, నేను పాఠాలు చెప్పే బడికి బయలుదేరబోతుంటే అక్క ఫోన్ చేసింది. "అమ్మ పోయిందే. పొలం కాడి నుంచి వచ్చి, కాళ్లు కడుక్కొని అరుగు మీద కూసున్నది. నేను చాయ్ పెట్టుకొని వచ్చేసరికి లేదు" అన్నది. గీదంలో బస్సెక్కి, సుక్మాలో జీపు మారి, ఎర్రబోరు దగ్గర మా ఊరికి చేరేసరికి పొద్దు వాలింది.

ఆమె మా నాన్నకు వదిన, అంటే మా పెద్దనాన్న భార్య. అక్క ఆమె ఒక్కగానొక్క కూతురు. శవం చుట్టూ కూర్చున్న చుట్టాల్లో ఎవరో, "పాపం, బతుకంతా గడ్డి పీకుతూనే పోయింది" అన్నారు. మరో ఇద్దరు ముగ్గురు తలలూపారు. ఇది రాయడానికి కారణం ఆ మాటే. మా పెద్దమ్మను పాపం అనడం నాకు నచ్చలేదు. ఆమె గడ్డి పీకిన మాట నిజం. తన మళ్లలోనే కాదు, ఊరొదిలి పోయినవాళ్ల మళ్లలో కూడా, పైరు లేని ఏళ్లలో కూడా, ఒక్క చుక్క గడ్డిమందు పడనివ్వకుండా పీకింది. అదంతా తను కోరి చేసిన పని. వద్దన్న వాళ్లందరినీ ఎదిరించి చేసిన పని.

నా చిన్నప్పుడు మా వైపు మగవాళ్లు కిరందుల్ కొండలకు, గనుల పనికి వెళ్లిపోవడం మొదలైంది. ముందు నాన్న, ఆయన వెనకే పెద్దనాన్న, తర్వాత చుట్టుపక్కల ఇళ్లవాళ్లు. మా దగ్గర వానకాలం పంట ఒక్కటే. అక్కడైతే లోడింగు పని ఏడాది పొడుగునా దొరికేది. నాన్న అమ్మనూ నన్నూ కూడా తీసుకెళ్లాడు. రైలు పట్టాల పక్కన బస్తీలో, విజయనగరం, శ్రీకాకుళం వైపు నుంచి వచ్చిన రైల్వే కుటుంబాల మధ్య పెరిగాను. ఎండాకాలం సెలవులకు మాత్రం నన్ను పెద్దమ్మ దగ్గరికి పంపేవారు. పెద్దనాన్న ఎంత పిలిచినా ఆమె కిరందుల్ కాపురానికి రాలేదు. ఒకసారి వచ్చి చూసి, అక్కడ నిలబడడానికే చోటు లేదని తిరిగి వెళ్లిపోయిందట.

నేను వెళ్లిన ప్రతి ఎండాకాలమూ ఇంకొన్ని మళ్లు బీడు పడి కనిపించేవి. మా ఊరి పొలాలు పైన రోడ్డు నుంచి కింద వాగు దాకా మెట్లు మెట్లుగా దిగుతాయి. రోడ్డు వైపు ఎగువ మళ్లన్నీ వెళ్లిపోయినవాళ్లవే. వరి మడిని వదిలేస్తే ఏమవుతుందో వ్యవసాయం చేసినవాళ్లకు తెలుసు. మొదటి ఏడు ఊద గడ్డి లేస్తుంది. దూరం నుంచి చూస్తే వరే అనుకుంటాం. మరుసటి ఏడు గరిక గట్టెక్కుతుంది. ఆ తర్వాత తుంగ. రోడ్డు పక్క నుంచి వయ్యారిభామ మొక్క దిగుతుంది. ఎండ్రకాయలు గట్టుకు బొక్కలు పెడతాయి, పూడ్చేవాళ్లుండరు, గట్టు తెగుతుంది. ఇక మడిలో నీళ్లు నిలవవు. గడ్డి విత్తనమంతా ఆ నీళ్లతోపాటు కింది మళ్లలోకి కొట్టుకుపోతుంది.

కింది మళ్లు చేసే ఆయనను నేనూ అక్కా మామ అని పిలిచేవాళ్లం. పెద్దమ్మకు వరసకు తమ్ముడు. ఆయన ఒకరోజు కుంట పట్నం బజారు నుంచి గడ్డిమందు డబ్బాలు తెచ్చి, ఎగువ మళ్లన్నిటికీ కొడతానని చెప్పడానికి మా ఇంటికి వచ్చాడు. చెడ్డవాడు కాదు. ఆయన భార్య ఆ ఏడు ఊద పీకీ పీకీ చేతులు పైకెత్తలేని స్థితికి వచ్చింది. ఆ కోపం ఆయన గొంతులో ఉంది.

"మీ గడ్డంతా నా మడిలోకి దిగుతాంది అక్కా. ఇంకెన్నాళ్లు పీకాలె మేము?"

"నువ్వన్నది నిజమే తమ్ముడూ. మందు మాత్రం వద్దు."

"మరి ఎవరు తీస్తరు?"

"నేను తీస్తా."

"పైరు లేని మళ్లల్లో కలుపు తీస్తవా?"

"పైరు లేదని అది మడి కాకుండా పోతదా?"

ఆ మళ్ల నీళ్లు వాగులోకి పోతాయి. వాగు ఇసుకలో తవ్విన చెలమ నీళ్లే మేం తాగేవి. డోర్ల గిరిజనుల గూడెం ఆడవాళ్లు ఆ మళ్లలోనే ఆకుకూర ఏరుకుంటారు, వానల్లో చేపలకు బుట్టలు పెడతారు. మామ తన మందు గడ్డిని తప్ప దేన్నీ ఏమీ చేయదని దుకాణంలో చెప్పారన్నాడు. పెద్దమ్మ దాని మీద వాదించలేదు. "అది ఏం జేస్తదో నాకు తెల్వదు. నీకూ తెల్వదు. తెల్వని దాన్ని తాగే నీళ్ల మీద ఎట్టా పోస్తం?" అని మాత్రం అన్నది. ఈ వానకాలం చూస్తానని మామ వెళ్లిపోయాడు.

ఆ ఏడు ఆమె ఓడిపోయింది. ఈ మాట దాచను. ఆమె కూడా ఎప్పుడూ దాచలేదు. తనకున్న ఒక్క సాగు మడి పని అయ్యాక, కూతురితో కలిసి కొడవళ్లు పట్టుకుని ఎగువ మళ్లలో దిగింది. అప్పటికే ఊద గింజ పట్టింది. కోసిన గడ్డిని కోసినచోటే వదిలేశారు. మరుసటి వానలకు అది రెండింతలై లేచింది. మామ ఇక మాట్లాడడానికి రాలేదు. మందు డబ్బా వీపుకు కట్టుకుని తిన్నగా మళ్లలోకి వచ్చేశాడు.

అప్పటికి బడులు తెరిచినా, జ్వరం తగ్గక నేను ఇంకా ఊళ్లోనే ఉన్నాను. అందుకే అది నా కళ్లతో చూశాను. పెద్దమ్మ పరుగెత్తలేదు, అరవలేదు. చీర కుచ్చిళ్లు పైకి దోపుకుని నడుస్తూ పోయి, మడి నడుమ గడ్డిలో కూర్చుంది. ఆమె తల మాత్రమే పైకి కనిపిస్తోంది.

"కొట్టు తమ్ముడూ. గడ్డితోపాటు నేనూ ఉన్నా."

మామ లేవమన్నాడు. తర్వాత బతిమాలాడు. తర్వాత తిట్టాడు. ఆమె కూర్చునే ఉంది. సన్నగా చినుకులు మొదలయ్యాయి. చివరికి ఆయన డబ్బా విప్పి పక్కన పెట్టి గట్టు మీద కూలబడ్డాడు. అప్పుడామె లేచి ఆయన దగ్గరికి వెళ్లి, "గడ్డి కోస్తే చాలదు, నాకు ఎడ్లు కావాలె. ఎండాకాలం నీ ఎడ్లు ఇయ్యి" అని అడిగింది. తనను అంతగా ఇబ్బంది పెట్టిన మనిషిని సాయం అడగడం ఆమెకే చెల్లింది. ఆయన డబ్బా ఎత్తుకుని వెళ్లిపోయాడు. ఎండాకాలం వచ్చాక మాత్రం ఎడ్లను తోలుకొచ్చాడు.

గడ్డిని అదుపులో పెట్టడం ఆమె ఏళ్ల మీద నేర్చుకుంది. కొంత గూడెంలోని డోర్ల స్నేహితురాలి దగ్గర, కొంత మామ దగ్గర, మిగతాది తన ఓటముల నుంచి. నీళ్లు నిలిచిన చోట ఊద మొలవదని ఆ స్నేహితురాలే బర్రెలు పొర్లే గుంట చూపించి చెప్పిందట. అప్పటి నుంచి పెద్దమ్మకు గట్లే లోకమయ్యాయి. ఎండ్రకాయ బొక్క కనబడితే చాలు, ఎక్కడికి పోతున్నా ఆగి, గడ్డీ బురదా కలిపి కుక్కి, మడమతో తొక్కేది.

ఎండాకాలంలో ఒక వాన పడగానే దున్నించేది. నాగలి వెనకాల నేనూ అక్కా గంపలు పట్టుకుని గరిక వేళ్లు, తుంగ గడ్డలు ఏరేవాళ్లం. మిగిలినవి మే నెల ఎండకు మాడేవి. మాకది నరకంలా ఉండేది. పైరే లేని మడికి ఈ చాకిరీ ఏమిటని అక్క గొణిగితే, "నేల ఊరికే ఉండదే. మనం ఏం వెయ్యకపోతే దానికి నచ్చింది అదే వేసుకుంటది" అనేది. తొలకరికి గడ్డిని మొలవనిచ్చేది. మొలిచిందాన్ని పూతకు రాకముందే ఎడ్లకు గుంటక కట్టి చెరిపేసేది. ఆ వెంటనే పచ్చిరొట్టకు జీలుగ ఒత్తుగా చల్లేది. జీలుగ నీడలో గడ్డి లేవలేదు. అది లేతగా ఉండగానే ఎడ్లతో బురదలోకి తొక్కించి, ఇక వానలు పోయేదాకా మడి నిండా నీళ్లు కట్టేది. నీళ్లు తీశాక ఆ తడికి ఉలవలు. కాయలు కోసుకున్నాక గూడెం మేకలు. ఒక ఏడు జీలుగ విత్తనమంతా పెద్దవానకు కొట్టుకుపోయింది. ఇంకో ఏడు మేకలు ముందే జొరబడి ఉలవలు మిగల్చలేదు. తుంగ మాత్రం చివరిదాకా ఆమెకు లొంగలేదు. దాన్ని "మా ఆడపడుచు" అనేది, ఎన్నిసార్లు సాగనంపినా మళ్లీ వస్తుందని. ఆమె అసలు ఆడపడుచు, అంటే మా మేనత్త, పక్కనే ఉన్నా అనేది. ఆవిడే అందరికంటే ఎక్కువ నవ్వేది.

ఆమెకు ఒక అలవాటు ఉండేది. ఎక్కడ ఊద కంకి కనిపించినా తుంచి బొడ్లో దోపుకునేది, ఇంటికొచ్చాక పొయ్యిలో వేసేది. కుంటలో ఒక పెళ్లికి పట్టుచీర కట్టుకుని వెళ్లి, దారి పక్క ఎవరిదో మడిలో కంకులు తుంచుతూ పెళ్లివారి కంటబడింది. అక్క సిగ్గుతో చచ్చిపోయింది. "దీనికి ఊరూ పేరూ ఉంటదా? ఇయ్యాల వీళ్ల మడిలో, రేపు మన మడిలో" అన్నది పెద్దమ్మ, కంకులు బొడ్లో సర్దుకుంటూ.

ఈ పనికి అసలు పరీక్ష నేను పదో తరగతిలో ఉన్నప్పుడు వచ్చింది. ఖనిజం లారీలు పెరిగాయి, రోడ్లు వెడల్పు చేస్తున్నారు. రోడ్డు పని చేసే ఒక ఠేకేదారుకు, అంటే కాంట్రాక్టరుకు, మొరం మట్టి పోసుకోవడానికి, లారీలు నిలుపుకోవడానికి రోడ్డు పక్కన చదునైన నేల కావాల్సి వచ్చింది. ఎగువ మళ్లు ఆయన కంటబడ్డాయి. సొంతదారులెవరో కనుక్కుని కిరందుల్ వచ్చి అందరినీ కలిశాడు. ఊరికే పడి ఉన్న భూమికి కిరాయి వస్తుందంటే ఎవరు కాదంటారు? నాన్న ఆ రోజు ఇంటికి మిఠాయి తెచ్చాడు. పెద్దనాన్న ఠేకేదారు జీపులోనే మా ఊరికి బయలుదేరాడు. దసరా సెలవులు కాబట్టి, పెద్దమ్మను చూడవచ్చని నేనూ ఎక్కాను.

దారి పొడుగునా ఆ ఠేకేదారు పడత్ జమీన్, పడత్ జమీన్ అంటూనే ఉన్నాడు. అంటే బీడు భూమి అని. జీపు దిగి చూస్తే ఎగువ మళ్లన్నిటా నీళ్లు నిండి ఉన్నాయి. గట్లు కొత్తగా మెత్తినట్టు నున్నగా ఉన్నాయి. ఒక మడిలో గూడెం ఆడవాళ్లు చేపల బుట్టలు తీస్తున్నారు. పెద్దమ్మ మోకాళ్ల దాకా బురదతో గట్టు మీదికి వచ్చింది. ఠేకేదారు మర్యాదగానే మాట్లాడాడు. ఖాళీగా ఉన్న నేలకు కిరాయి ఇస్తాను, ఇందులో మీకు నష్టమేముంది అని హిందీలో అడిగాడు.

"ఖాలీ నహీ హై" అన్నది పెద్దమ్మ.

ఖాళీ కాకపోతే ఇందులో ఏం వేశారని ఆయన అడిగాడు.

"పానీ."

ఆయన నవ్వాడు. ఆమె నవ్వలేదు. ఆయన్ను వదిలేసి పెద్దనాన్న వైపు తిరిగింది. "మొరం పోసినంక ఇది మళ్లా మడి కాదు. నీకు తెల్వదా?"

పెద్దనాన్న నేల చూస్తూ, "మేము తిరిగి వస్తమని నీకెవరు చెప్పిండ్రు?" అన్నాడు.

అంతమంది ముందర ఆ మాట అనిపించుకుని ఏ ఆడమనిషైనా తలదించుకుంటుందని నేననుకున్నాను. ఆమె కొంగుతో చేతుల బురద తుడుచుకుంది. "ఎవరూ చెప్పలే. రాకపోతే రాకపొండి. వస్తే మాత్రం నాటుకోటానికి మడి ఉండాలె. మీ తమ్ముడికీ అదే చెప్పు."

పెద్దనాన్న అన్నం కూడా తినకుండా అదే జీపులో తిరిగి వెళ్లిపోయాడు. కాగితాల ప్రకారం ఆమెకు ఏ హక్కూ లేదు. ఆయన వేలిముద్ర వేస్తే ఆమె ఆపగలిగేది కాదు. కానీ ఆయన వేయలేదు. నాన్న వేయాలనుకున్నాడు కానీ అన్నను కాదని వేయలేకపోయాడు. రోడ్డును ఆనుకుని ఉన్న ఒక మడి వాళ్లు మాత్రం ఒప్పుకున్నారు. పెద్దమ్మ వాళ్ల దగ్గరికి కూడా వెళ్లి చెప్పింది, వినలేదు. ఆ మడిలో మొరం పడింది. రోడ్డు పని ఎప్పుడో అయిపోయింది కానీ ఆ మొరం ఇప్పటికీ తీయలేదు. దాన్ని దాటేటప్పుడల్లా ఆమె నడక వేగం పెంచేది.

నాన్న ఆమెతో మాట్లాడడం మానేశాడు. నన్నూ సెలవులకు పంపడం ఆపేశాడు. ఆమె మాత్రం ఏటా సంక్రాంతి వెళ్లాక, తెలిసిన బస్సు డ్రైవరు చేతికి ఉలవల మూట ఇచ్చి పంపేది. అవి నాన్న మడిలో పండిన ఉలవలని మూటతోపాటు ప్రత్యేకంగా చెప్పి పంపేది. అమ్మ చారు కాచేది. నాన్న రెండోసారి కూడా పోయించుకునేవాడు.

తర్వాత గనుల దగ్గర లోడింగుకు యంత్రాలు వచ్చాయి. నాన్న, పెద్దనాన్న పనిచేసే మేస్త్రీ కింద మనుషుల అవసరం తగ్గింది. ముసలివాళ్లను ముందు మానిపించారు. ఒక్కొక్కరే ఊళ్లకు మళ్లారు. పెద్దనాన్న ఒక జ్యేష్ఠ మాసం మధ్యాహ్నం, సంచి ఒకటి భుజాన వేసుకుని బస్సు దిగాడట. అక్క చెప్పింది ఇది. పెద్దమ్మ ఆయన్ను చూసి, "తిన్నవా?" అని అడిగి లోపలికి వెళ్లి కంచం పెట్టింది. మర్నాడు పొద్దున ఇద్దరూ ఆయన ఎగువ మడికి వెళ్లారు. ఆయన గట్టు మీద చెప్పులు విడిచి లోపలికి దిగాడు. ఏటా జీలుగ తొక్కి తొక్కి, తొలి వానకు నాని మెత్తబడిన నేల ఆయన కాళ్లను పిక్కల దాకా మింగింది. ఆయన ముఖం అటు తిప్పుకున్నాడని, అమ్మ చూడనట్టు గట్టు బొక్కలు పూడ్చడం మొదలుపెట్టిందని అక్క చెప్పింది.

ఆ ఏడు ఆ మడిలో నాట్లు పడ్డాయి. నారు మామ ఇచ్చాడు. కలుపు అసలే రాలేదని చెప్పను. తుంగ ఉంది, అక్కడక్కడ ఊద ఉంది. అయితే ఒక మడిలో ఇద్దరు మనుషులు ఒక పూటలో తీసేయగలిగినంతే ఉంది. నాట్లప్పుడు నాన్న కూడా వచ్చాడు, నన్ను వెంటబెట్టుకుని. అన్నేళ్ల తర్వాత ఆమె ముందు నిలబడి, "వదినా, నా మడి కూడా ఉన్నదా?" అని అడిగాడు.

"నీ మడి ఎటు పోతదయ్యా. నువ్వే పోయినవు" అన్నది పెద్దమ్మ. ఆమె నాన్నను దెప్పిన మాట అదొక్కటే. చెప్పి, ఆయన చేతికి నారుకట్ట ఇచ్చింది.

అందరూ తిరిగి రాలేదు. కొన్ని మళ్లు ఈనాటికీ సాగులో లేవు. వాటి సొంతదారులు ఎక్కడున్నారో కూడా మాకు సరిగ్గా తెలియదు. పెద్దనాన్న పోయాక కూడా, మోకాళ్లు వంగడం మానేశాక కూడా, పెద్దమ్మ ఆ మళ్లకు నీళ్లు కట్టడం ఆపలేదు. ఇంక చాలించమని అక్క పోరేది. నేనూ ఫోన్‌లో చెప్పేదాన్ని. "మీరు చెప్పిండ్రు, నేను విన్నా" అనేది. వినడం వరకే ఆమె పని.

కర్మల రోజు భోజనాల దగ్గర గడ్డిమందు మాట మళ్లీ లేచింది. ఇప్పుడిక ఆ మళ్లను చూసేవాళ్లెవరు, మందు కొట్టించేస్తే పోతుంది కదా అని ఒక చుట్టం అన్నాడు. మామ ఇప్పుడు బాగా ముసలివాడు, చూపు సరిగ్గా ఆనదు. విస్తరి ముందు నుంచి తలెత్తి, "నేనొకసారి కొట్టటానికి పోయినోణ్ణే. నా మాట విని ఊకోండి" అన్నాడు.

మర్నాడు నేను గీదం బయలుదేరాను. కర్మల మధ్యలో వానలు మళ్లీ పట్టుకున్నాయి. ఎగువ మళ్లలో లేత గడ్డి పచ్చగా మొలిచింది. అక్క నాతో రోడ్డు దాకా కూడా రాలేదు, పని ఉందన్నది. బస్సు కదిలాక కిటికీలోంచి చూస్తే అక్క, గూడెం ఆడవాళ్లు కొందరు, తలల మీద గోనెసంచులు కప్పుకుని, వరసగా వంగి, సొంతదారు లేని ఒక మడిలో నెమ్మదిగా ముందుకు కదులుతున్నారు.

పక్క సీటులో ఉన్నావిడ కూడా అటే చూస్తోంది. "ఏం నాటుతున్నరమ్మా, ఇంత తొందరగా?" అని అడిగింది.

ఏమీ నాటడం లేదని చెప్పాను.

ఆవిడ మళ్లీ చూసింది. వాన పెరిగింది. ఆ వరసలో ఎవరూ నడుము ఎత్తలేదు.